ఈజీఆర్ కూలర్ డిజైన్: ప్లేట్ల దొంతర గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

డీజిల్ బండి బానెట్ ఎత్తి చూస్తే ఇంజన్ పక్కన, వేడి పైపుల చాటున, చెయ్యి దూరని చోట ఒక స్టీలు డబ్బా బిగించి ఉంటుంది. పిల్లల పెన్సిల్ బాక్సు కంటే కాస్త పెద్దది. రెండు రబ్బరు గొట్టాలు కూలెంట్‌ని, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, తెచ్చి తీసుకుపోతుంటాయి, రెండు స్టీలు పైపుల్లో పొగ వచ్చిపోతుంటుంది. దాని పేరు ఈజీఆర్ కూలర్. ఈజీఆర్ అంటే ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్, పొగను మళ్ళీ ఇంజన్‌లోకి తిప్పి పంపడం. ఇలాంటి డబ్బాలు గీయడం, చేయించడం, పాడైనవాటిని కోసి చూడడం చాలా ఏళ్లుగా నా పని. మెకానికల్ చదివే పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ అవే కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. అంకెలు ఒక మామూలు 2 లీటర్ల కారు ఇంజన్‌ని దృష్టిలో పెట్టుకుని వేసినవి. మీ ఇంజన్ వేరైతే అంకెలు మారతాయి, లెక్క నడిచే దారి మాత్రం ఇదే.

ఇంజన్ బయటికి వదిలిన పొగను మళ్ళీ లోపలికి పంపడం ఎందుకు?

సిలిండర్‌లో మంట 1500 డిగ్రీలు దాటి మండినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్లు పుడతాయి. వాటినే నాక్స్ అంటాం. మంట ఎంత వేడెక్కితే నాక్స్ అంత ఎక్కువ, అదీ మామూలుగా కాదు, ఏపుగా పెరుగుతుంది. పొగలో ఆక్సిజన్ తక్కువ, కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి ఎక్కువ. అందులో కొంత భాగాన్ని తాజా గాలితో కలిపి మళ్ళీ సిలిండర్‌లోకి పంపితే మంట వేడి తగ్గుతుంది, నాక్స్ కూడా తగ్గుతుంది.

మన దేశంలో బండ్ల పొగకు పెట్టిన కాలుష్య పరిమితుల్లో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. బీఎస్-4లో డీజిల్ కారుకు కిలోమీటరుకు 0.25 గ్రాముల దాకా నాక్స్‌ను అనుమతించేవారు, బీఎస్-6 దాన్ని 0.08కి దించింది. ఈ దెబ్బతో ఈజీఆర్ కూలర్ ఉంటే ఉండనీ అనుకునే భాగం కాస్తా ఇంజన్ సర్టిఫికెట్‌నే నిలబెట్టే భాగమైంది.

సరే, పంపండి. చల్లార్చడం దేనికి?

పొగ 500 డిగ్రీల దగ్గర ఉంటే, 150 డిగ్రీల దగ్గర పట్టే చోటు కంటే దాదాపు 1.8 రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. సిలిండర్‌లో ఉన్న చోటు ఒక్కటే కదా. వేడి పొగ చొరబడితే తాజా గాలికి చోటు తగ్గుతుంది, శక్తి పడిపోతుంది, మసి పెరుగుతుంది. పైగా వేడి పొగ మంటను మొదటి నుంచే వేడిగా ఉంచుతుంది, అంటే ఏ పనికి పంపామో ఆ పని సగమే అవుతుంది.

ప్లేట్ల దొంతర అంటే ఖచ్చితంగా ఎలా ఉంటుంది?

పల్చటి స్టెయిన్‌లెస్ రేకును ప్రెస్‌లో కొట్టి అంచులు లేపిన పళ్లెంలా చేస్తారు. మందం అర మిల్లీమీటర్ అటూ ఇటూ. అలాంటి పళ్లేలను రెండేసి ఎదురెదురుగా మూస్తే ఒక చదునైన జేబు తయారవుతుంది. జేబు లోపల పొగ పోతుంది, జేబుకీ జేబుకీ మధ్య సందులో కూలెంట్ పోతుంది. పొగ పోయే జేబులో ముడతలు పెట్టిన పల్చటి రేకు కూర్చుంటుంది, అది ఫిన్. ఈ జేబులన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, ఫర్నేసులో పెట్టి, అతుకులన్నీ ఒకేసారి కరిగించి అంటిస్తారు. బోల్టు ఉండదు, గాస్కెట్ ఉండదు. ఒకసారి అతికాక విప్పడం కుదరదు, కోయడమే.

పాత పద్ధతిలో ఒక గొట్టం లోపల చిన్న ట్యూబుల కట్ట ఉండేది. అదీ పనిచేస్తుంది, లారీల్లో చాలా ఏళ్లు బాగానే పనిచేసింది. కానీ అదే చోటులో దొంతరలో పట్టే ఉపరితలం చాలా ఎక్కువ. బానెట్ కింద చోటు కోసం ఏసీ కంప్రెసర్, టర్బో, వైరింగ్ అన్నీ కొట్టుకుంటున్నప్పుడు దొంతరే గెలుస్తుంది. ఇంకో సౌకర్యం, పెద్ద ఇంజన్ కావాలంటే ప్రెస్ డై మార్చక్కర్లేదు, మరో రెండు జేబులు పేరిస్తే చాలు.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

నాలుగు అంకెలతో మొదలుపెట్టండి. పొగ సెకనుకు ఎన్ని గ్రాములు? ఎంత వేడితో వస్తోంది? ఎంతకు దించాలి? కూలెంట్ వేడి ఎంత?

మన ఉదాహరణలో పొగ సెకనుకు 20 గ్రాములు, వచ్చేది 500 డిగ్రీలు, దిగాల్సింది 150, కూలెంట్ 90. పొగ విశిష్టోష్ణం కిలోకు డిగ్రీకి 1.1 కిలోజౌళ్లు అనుకుంటే తీయాల్సిన వేడి 0.02 × 1.1 × 350, అంటే 7.7 కిలోవాట్లు. మన ఇళ్లలో గోడకు తగిలించే 2 కిలోవాట్ల గీజర్లు నాలుగు ఒకేసారి వేసినంత. ఇదంతా ఒక పెన్సిల్ బాక్సులో.

కూలెంట్ 90 ఉన్నప్పుడు పొగను ఎంత చల్లార్చినా 90 కంటే దించలేం. అంటే గరిష్ఠంగా సాధ్యమైన తగ్గుదల 410, మనం అడుగుతున్నది 350. నిష్పత్తి 0.85. దీన్నే ఎఫెక్టివ్‌నెస్ అంటాం. కూలెంట్ నిమిషానికి 10 లీటర్లు పోతే అది వేడెక్కేది 13 డిగ్రీలే, కాబట్టి దాన్ని స్థిరమనుకుని లెక్కేయొచ్చు. డబ్బా దాటించగల వేడి, పొగ మోసే వేడికి ఎన్ని రెట్లుండాలో చెప్పే అంకెను ఎన్‌టీయూ అంటారు. 0.85కి కావలసిన ఎన్‌టీయూ 1.92. పొగ వేడి మోసే శక్తి డిగ్రీకి 22 వాట్లు. రెండూ గుణిస్తే డిగ్రీకి 42 వాట్లు. ఇంత వేడి దాటించగల డబ్బా కావాలి, అంతే. ఇక్కడికి మూడో సంవత్సరం పిల్లలు కూడా వచ్చేస్తారు. కష్టమంతా ఇక్కడి నుంచే.

ఆ 42 వాట్లు ఎన్ని జేబులవుతాయి?

ఒక జేబు పొడవు 150, వెడల్పు 60, లోపలి ఎత్తు 5 మిల్లీమీటర్లు అనుకోండి. పైనా కిందా గోడలు కలిపి 0.018 చదరపు మీటర్లు. 3 మిల్లీమీటర్లకు ఒక ముడత చొప్పున ఫిన్ పెడితే దానికి మరో 0.06. కానీ స్టెయిన్‌లెస్ వేడిని నిదానంగా మోస్తుంది, ఫిన్ నడుమకు వచ్చేసరికి అది కాస్త వేడిగానే ఉంటుంది. 0.2 మిల్లీమీటర్ల ఫిన్‌కు పనితనం 88 శాతం వస్తుంది, 0.1కి దిగితే 79కి పడిపోతుంది. 0.2 తీసుకుంటే జేబుకు పనికొచ్చే ఉపరితలం 0.071.

ఇప్పుడు వేడికి అడ్డాలు చూడండి. అన్నీ పొగ వైపు ఉపరితలానికి కుదించి రాస్తే, పొగ వైపు అడ్డం 0.0083, కూలెంట్ వైపు 0.0013, రేకుది 0.0001. మొత్తం 0.0097 చిల్లర, తలకిందులు చేస్తే చదరపు మీటరుకు డిగ్రీకి 100 వాట్ల చిల్లర. కాబట్టి 0.42 చదరపు మీటర్లు, అంటే ఆరు జేబులు.

ఈ అంకెల్ని ఒకసారి మళ్ళీ చదవండి. అడ్డంలో 85 శాతం పొగ వైపే ఉంది. రేకు వాటా నూటికి ఒకటి. "స్టీలు బదులు రాగి వాడితే బాగా చల్లారుతుంది కదా సార్" అని ఇంటర్వ్యూలో చెప్పినవాళ్లకు నేనీ మూడంకెలూ బోర్డు మీద రాసి చూపిస్తాను. కూలెంట్ పంపు పెద్దది పెట్టినా వేడి లెక్కలో లాభం అంతంతే. ఏం చేసినా పొగ వైపే చెయ్యాలి.

ఆరు జేబులు చాలన్నమాట. గీసేయొచ్చా?

గీస్తే ఇంజన్ టెస్టు మొదటి రోజు మీకు చప్పట్లు కొడతారు. నెల తిరిగేసరికి ఫోన్ వస్తుంది.

కారణం మసి. పొగలోని మసి రేణువులు మిల్లీమీటర్‌లో పదివేలో వంతు సైజు. వేడి వాయువు పక్కన చల్లటి గోడ ఉంటే ఆ రేణువులు వాటంతట అవే గోడవైపు తోసుకుపోతాయి, వేడివైపు అణువులు గట్టిగా కొడతాయి కాబట్టి. దీన్ని థర్మోఫోరెసిస్ అంటారు. అంటే మనం చల్లార్చడమే మసిని పిలుస్తోంది. దానికి తోడు కాలని డీజిల్ ఆవిరి గోడ మీద చెమ్మగా దిగితే మసికి జిగురు దొరికినట్టే.

కట్టెల పొయ్యి మీద గిన్నె అడుగున పట్టే మసి చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. ఆ పొరలో నూటికి 95 పాళ్ళకు పైగా ఖాళీయే. అందుకే దాని ఉష్ణ వాహకత గాలికి దగ్గరగా, 0.04 దగ్గర ఉంటుంది. 0.2 మిల్లీమీటర్ల పొర పట్టిందనుకుందాం. అది చేర్చే అడ్డం 0.005. 100 ఉన్న అంకె 68కి పడుతుంది. ఆరు జేబులతో 147 డిగ్రీలకు దిగాల్సిన పొగ 200 దాటి బయటికొస్తుంది. ఆరు జేబుల్లో ఆ పొర బరువు మొత్తం మూడు గ్రాముల చిల్లర. చెంచా నిండా పంచదార కూడా కాదు.

పీడనం కథ ఇంకా దారుణం. ఫిన్ ముడతల మధ్య సందు 1.5 మిల్లీమీటర్లు. రెండు వైపులా 0.2 పడితే 1.1 మిగులుతుంది. ఇలాంటి సన్నటి సందులో పొగ నెమ్మదిగా, పొరలు పొరలుగా పోతుంది కాబట్టి పీడన నష్టం సందు వెడల్పు ఘనానికి విలోమంగా పెరుగుతుంది. 2.5 రెట్లు. చల్లదనం మూడో వంతు పోతే దారి సగానికి పైగా మూసుకుపోయినట్టు. అందుకే ఫిన్ దగ్గరదగ్గరగా పెట్టి లెక్కలో మెరిసే డిజైన్లు రోడ్డు మీద ముందు చస్తాయి. గాలి కూలర్లలో వాడే కత్తిరించిన ఫిన్‌కు ముందంచులు ఎక్కువ, ప్రతి అంచూ మసికి కొక్కెమే. మసి ఎక్కువ ఉన్న చోట మెలికల ఫిన్ నయం.

అయితే జేబులు పెంచేస్తే సరిపోదా?

ఇక్కడే ఈ డబ్బా మనతో ఆడుకుంటుంది. మసి పట్టాక కూడా 150 కావాలంటే తొమ్మిది జేబులు పెట్టాలి. కానీ కొత్తగా ఉన్నప్పుడు అవే తొమ్మిది జేబులు పొగను 111 డిగ్రీలకు దించేస్తాయి. అక్కడ డీజిల్ ఆవిరి గోడ మీద దిగడం మొదలవుతుంది, ఆమ్లం చెమ్మ దిగే గీత కూడా దగ్గరపడుతుంది. దారి వెడల్పు కావడంతో పొగ వేగం తగ్గి, రాలిపోవాల్సిన మసిని ఊడ్చే బలం పోతుంది. మసి పట్టకుండా పెంచిన జేబులే మసిని తెచ్చిపెడతాయి.

నేనైతే ఈ ఉదాహరణకు ఎనిమిది దగ్గర ఆగుతాను. కొత్తలో 120, మసి పట్టాక 163. ఇంజన్ కాలిబ్రేషన్ (కంప్యూటర్‌లో ఇంజన్ సెట్టింగులు సరిచూడడం) చేసేవాళ్లకు 150 అనే ఒకే అంకె ఇవ్వకుండా ఈ రెండూ ఇచ్చి, మధ్యలో ఎలా జారుతుందో చెప్పాలి. వాళ్లు గొణుగుతారు. గొణగనివ్వండి. ఒక మంచి సంగతి, మసి పొర పెరిగేకొద్దీ దాని పైతలం వేడెక్కుతుంది, పిలుపు బలహీనపడుతుంది, పెరుగుదల ఒకచోట నిలకడకు వస్తుంది. ఆ నిలకడ అంకెను టెస్టు బెంచి మీద కొలిచి డిజైన్ చేసేవాడే డిజైనర్, శుభ్రమైన డబ్బాకు లెక్క వేసేది క్యాలిక్యులేటర్.

పొగ, కూలెంట్ ఎదురెదురుగా పోవాలా, ఒకే దిశలోనా?

పుస్తకం ఎదురెదురు అంటుంది. మన అంకెల్లో ఎదురెదురుకు ఎఫెక్టివ్‌నెస్ 84.8 శాతం, ఒకే దిశకు 83.3. తేడా బయటికొచ్చే పొగలో ఆరు డిగ్రీలు. కూలెంట్ మోసే శక్తి పొగ కంటే పాతిక రెట్లకు పైగా ఉంది కాబట్టి దిశ పెద్దగా లెక్కలోకి రాదు.

ఈ ఆరు డిగ్రీలు వదులుకుంటే దొరికేది, అతి వేడి పొగ తగిలే మొదటి అంచుకు అతి చల్లటి కూలెంట్. నా దృష్టిలో అది లాభసాటి బేరం. ఎందుకో కింది జవాబులో చూడండి.

కూలెంట్ మరిగిపోతుందా? ప్రెషర్ క్యాప్ ఉంది కదా?

సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలు పీడనంలో 107 డిగ్రీల దగ్గర, క్యాప్ బిగించాక 130కి దగ్గరలో మరుగుతుంది. పొగ 500, కూలెంట్ 90 ఉన్న మొదటి అంచున రేకు వేడి ఎంత? కూలెంట్ బాగా పారుతుంటే 145. అప్పటికే మరిగే గీత దాటింది. ఫరవాలేదు. గోడ మీద చిన్న బుడగలు పుట్టి పక్కనున్న చల్లటి కూలెంట్‌లో కలిసిపోతాయి, వేడిని కాస్త చురుగ్గా కూడా మోసుకుపోతాయి.

అదే మూలలో కూలెంట్ నిలిచిపోయి, వేడి మోసే శక్తి ఆరో వంతుకు పడిందనుకోండి. రేకు 290కి పోతుంది. దోసె పెనం బాగా కాలిపోయాక నీళ్లు చిలకరిస్తే చుక్కలు చుయ్యిమని ఆవిరవకుండా పెనం మీద జారుతూ తిరుగుతాయి, చూశారు కదా. చుక్కకీ పెనానికీ మధ్య ఆవిరి పొర అడ్డం పడుతుంది. కూలర్ మూలలో జరిగేదీ అదే. ఆవిరి పొర పడ్డాక రేకు ఇంకా కాలుతుంది, కాలేకొద్దీ ఆ పొర బలపడుతుంది.

కొన్నేళ్ల క్రితం పాడై తిరిగొచ్చిన ఒక కూలర్‌ను వైర్‌కట్‌లో (కరెంటు తీగతో లోహాన్ని కోసే యంత్రంలో) నిలువుగా కోయించాను. లోపల అన్ని జేబులూ తళతళలాడుతున్నాయి, కూలెంట్ వైపు మచ్చ లేదు. పై జేబు ఒక్కటి, అందులోనూ కూలెంట్ వచ్చే గొట్టానికి వెనక మూల, బొటనవేలంత మేర, అంచున లేత గోధుమ రంగు, లోపలికి పోయేకొద్దీ ఊదా, నడిమధ్య నీలం. స్టీలు తాను ఎంత కాలిందో తానే రాసిపెట్టింది. ఆ నీలం మధ్యలోనే వెంట్రుకంత పగులు. గొట్టం లోంచి వచ్చిన కూలెంట్ నేరుగా ఎదురు గోడకు కొట్టి రెండు పాయలుగా చీలిపోతోంది, వెనక మూలలో సుడి తిరుగుతోంది. పళ్లెం మీద రెండు చిన్న గట్లు లేపి పాయను ఆ మూలకు తిప్పితే సమస్య తీరిపోయింది. గట్టు ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఇంకా సులువుగా చెప్పాలంటే, కూలెంట్ వచ్చే గొట్టాన్ని కింద, పోయేదాన్ని పైన పెట్టండి. బుడగ ఎప్పుడూ పైకే పోతుంది, దాని దారి మూయకండి.

దీన్ని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2018లో దక్షిణ కొరియా చూసింది. బీఎండబ్ల్యూ డీజిల్ కార్లు వరుసగా తగలబడ్డాయి, లక్షకు పైగా కార్లను వెనక్కి పిలిచారు. కూలర్ లోంచి కారిన గ్లైకాల్ మసితో కలిసి పేరుకుని, వేడి పొగ తగిలి అంటుకుందని తేలింది. ఆ ఏడాది డిసెంబరులో సంయుక్త దర్యాప్తు బృందం కూలర్‌లో కూలెంట్ మరగడాన్ని ఎత్తిచూపింది. అమెరికాలో 2003 నుంచి 2007 దాకా వచ్చిన ఫోర్డ్ 6.0 లీటర్ల డీజిల్ ఇంజన్‌ది ఇంకో పాఠం. అందులో కూలెంట్ ముందు ఆయిల్ కూలర్ గుండా పోయి తర్వాత ఈజీఆర్ కూలర్‌కు వచ్చేది. ఆయిల్ కూలర్ పూడుకుపోతే ఈజీఆర్ కూలర్‌కు దప్పికే. మీ కూలర్‌కు కూలెంట్ ఎక్కడి నుంచి వస్తోందో, ముందు ఎవరి ఎంగిలి తాగి వస్తోందో తెలుసుకోకుండా డ్రాయింగ్ మీద సంతకం పెట్టకండి.

స్టెయిన్‌లెస్ స్టీలే ఎందుకు? అల్యూమినియం తేలిక కదా?

టర్బో తర్వాత గాలిని చల్లార్చే కూలర్‌కు అల్యూమినియం చక్కగా సరిపోతుంది, అక్కడి వేడి తక్కువ. ఇక్కడ 500, లోడు మీద 700 దాకా పోయే పొగ వస్తుంది. అల్యూమినియం 660కే కరుగుతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. ఇంకో శత్రువు ఆమ్లం. పొగ చెమ్మలో సల్ఫ్యూరిక్, నైట్రిక్ ఆమ్లాలుంటాయి. బీఎస్-6తో డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 50 నుంచి 10కి తగ్గింది కాబట్టి కొంత ఊపిరి పీల్చుకున్నాం, కానీ ఆమ్లం పూర్తిగా పోలేదు. స్టెయిన్‌లెస్ రకాల్లో 304ఎల్, ఇంకా జాగ్రత్త కావాలంటే 316ఎల్ వాడతారు.

అతుకుల సంగతి? వెల్డింగ్ చేస్తే పోలా?

ఎనిమిది జేబులకు, ఫిన్ ముడతలన్నిటికీ వెల్డింగ్ రాడ్ ఎక్కడ దూరుతుంది! వాక్యూమ్ ఫర్నేసులో బ్రేజింగ్ చేయాలి, అంటే రేకులు కరగకుండా వాటి మధ్య పెట్టిన లోహాన్ని మాత్రం కరిగించి అతికించాలి. రాగితో అతికితే చవక, కానీ ఆమ్లం చెమ్మ రాగి అతుకును తినేస్తుంది. అందుకే నికెల్ మిశ్రమం, 1050 నుంచి 1150 డిగ్రీల మధ్య.

నికెల్ అతుకుకు ఒక పట్టింపు ఉంది. సందు సన్నగా ఉండాలి, 0.05 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే బలమైన అతుకు, 0.1 దాటితే నడిమధ్య పెళుసు గీత మిగులుతుంది. మిశ్రమం తొందరగా కరగాలని కలిపే బోరాన్, సిలికాన్, భాస్వరం రేకులోకి ఇంకిపోయే దూరం దాటి మధ్యలో గడ్డకట్టడం వల్ల అది. చూడ్డానికి నిండుగా ఉంటుంది, గాలి పరీక్షలో పాసవుతుంది, వణుకు తగిలితే గాజులా పగులుతుంది.

నేను పనిచేసిన ఒక చోట మొదటి నమూనాల బ్యాచి దాదాపు అంతా కారింది. డ్రాయింగ్ తప్పేమో అని వారం రోజులు తలలు బాదుకున్నాం. చివరికి ఫర్నేసు దగ్గర నిలబడి చూస్తే తెలిసింది. మిశ్రమం కరిగేసరికి దొంతర కాస్త కిందికి దిగుతుంది, ప్రతి అతుకులోనూ పొర పల్చబడుతుంది కాబట్టి. పైన పెట్టిన బరువు దానితోపాటే సమంగా దిగాలి. దొంతరను పట్టి ఉంచే మా ఫిక్చర్ గైడు ఒక వైపు పట్టేస్తోంది. మూడు మూలలు దిగి, నాలుగోది వేలాడుతోంది. గైడును వదులు చేసి, పెద్ద బరువొకటి తీసేసి చిన్న బరువులు నాలుగు పెట్టాం. ఆ రోజు నుంచి నా ప్రతి డ్రాయింగ్‌లోనూ "ఫర్నేసులో ఎంత దిగుతుంది" అనే గడి ఒకటి ఉంటుంది.

పగుళ్లు ఎక్కువగా ఎక్కడ వస్తాయి?

వేడిదీ చల్లదీ ఒకే అతుకును పంచుకున్న చోట. పైన చెప్పిన నిలిచిపోయిన మూలనే తీసుకోండి. ఒక రేకు 290, పక్క రేకు 150. 150 మిల్లీమీటర్ల పొడవులో తేడా 0.36 మిల్లీమీటర్లు. అంగుళంలో డెబ్బయ్యో వంతే, కానీ అర మిల్లీమీటర్ రేకు అతుకును ప్రతిసారీ అంత లాగితే ఎన్నాళ్లు ఆగుతుంది? ఎక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ లాగుడే, వదిలిన ప్రతిసారీ నొక్కుడే. పొగ వచ్చే చివరను బ్రాకెట్‌తో గట్టిగా బిగించి, రెండో చివరనూ గట్టిగా బిగిస్తే డబ్బాకు సాగడానికి దారే ఉండదు. ఒక చివర బిగించండి, రెండో చివర బెల్లో పైపు (ముడతలతో సాగే పైపు) పెట్టండి.

బైపాస్ ఎందుకు పెడతారు?

ఉదయం చల్లటి ఇంజన్‌తో బయలుదేరినప్పుడు పొగను చల్లార్చితే ఇంజన్ వేడెక్కడం ఆలస్యమవుతుంది, సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే క్యాటలిస్ట్ పనిలోకి దిగదు, కూలర్‌లో చెమ్మ పడుతుంది. అందుకే ఒక ఫ్లాప్ పెట్టి కాసేపు పక్కదారి పట్టిస్తారు.

పెట్రోలు ఇంజన్‌లోనూ ఇదే డబ్బా వాడొచ్చా?

మసి బెడద తగ్గుతుంది, కానీ పొగ వేడి పెరుగుతుంది, చెమ్మలో ఆమ్లాల తీరు మారుతుంది. ఆకారం అదే ఉంచి మెటీరియల్, అతుకులు మళ్ళీ చూసుకోవాలి.

సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ చేస్తే సరిపోదా?

కూలెంట్ ఎక్కడ నిలుస్తుందో చూడ్డానికి దానంత మంచి పనిముట్టు లేదు. నేను చెప్పిన సుడిని ముందే పట్టుకునేది. కానీ మసి పొర లోపల ఎంత పట్టాలో మనమే దానికి చెప్పాలి, అతుకు సందు ఫర్నేసులో ఎంత మిగిలిందో దానికి తెలియదు. రంగురంగుల బొమ్మ చూసి మురిసిపోయే ముందు మీరు ఇచ్చిన అంకెలెన్ని, అది కనిపెట్టినవెన్ని అని ఒకసారి లెక్కపెట్టుకోండి.

తయారైనదాన్ని ఎలా పరీక్షిస్తారు?

ప్రతి డబ్బాకూ హీలియంతో లీకు పరీక్ష. ఎంపిక చేసినవాటికి వేడి–చల్లదనం చక్రాలు, వణికించే బల్ల, పీడనంతో పగలగొట్టి చూడడం. పగలగొట్టినప్పుడు ఎంత పీడనానికి పగిలిందో ఒక్కటే రాసుకోవద్దు. రేకు చిరిగిందా, అతుకు ఊడిందా అన్నది చూడండి. రేకు చిరిగితే సంతోషించండి.

బండిలో కూలర్ కారుతోందని ఎలా గుర్తుపట్టాలి?

కింద నేల మీద చుక్క పడదు, కానీ కూలెంట్ తగ్గుతుంటుంది. ఇంజన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ లోంచి తెల్లటి పొగ, కాస్త తియ్యటి వాసన. రాత్రంతా ఆపిన బండి పొద్దున స్టార్ట్ అయ్యేటప్పుడు దడదడలాడుతుంది. ఇవి కలిసి కనిపిస్తే హెడ్ గాస్కెట్ విప్పే ముందు ఈజీఆర్ పైపు విప్పి చూడమనండి. లోపల మసి పొడిగా ఉండాలి. తడి బురదలా ఉంటే దొంగ దొరికినట్టే. ఆ బండిని అలాగే తిప్పకండి. సిలిండర్‌లో కూలెంట్ నిండితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

మా మెకానిక్ "ఈజీఆర్ మూసేస్తే బండి లేచిపోతుంది" అంటున్నాడు. నిజమేనా?

ఆటోనగర్ ఏ షెడ్డుకు వెళ్లినా ఈ సలహా ఉచితంగా దొరుకుతుంది. రేకు ముక్క ఒకటి కోసి పైపు మధ్యలో బిగిస్తారు. మసి తగ్గడం, పికప్ కాస్త మారినట్టు అనిపించడం నిజమే, ఆ పెద్దాయన అబద్ధం చెప్పడం లేదు. నాక్స్ ఎంత పెరిగిందో మాత్రం ఆయన ముక్కుకు తెలియదు. బీఎస్-6 బండిలో సెన్సర్లు గుర్తుపట్టి లైటు వెలిగిస్తాయి, తర్వాత శక్తిని కోసేస్తాయి. అలా కాకుండా ఉండాలంటే సాఫ్ట్‌వేర్ మార్చాలి, వారంటీ పోతుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పదు. ఒక డిజైనర్‌గా నాకు కొంచెం సిగ్గేసే సంగతి ఇంకోటుంది. మేం మసి లెక్క సరిగ్గా వేసి ఉంటే ఆ రేకు ముక్కకు గిరాకీ ఇంత ఉండేది కాదు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా చేయొచ్చా? వాక్యూమ్ ఫర్నేసు మా కాలేజీలో లేదు.

తయారు చేయక్కర్లేదు. స్క్రాప్ అంగడిలో పాత డీజిల్ కారు కూలర్ ఒకటి కొనండి. ముందు ఇంట్లో ఆరబెట్టి, గ్రాము దాకా చూపే కాటా మీద తూకం వేయండి. పొగ దారిలో వేడి గాలి పంపి, కూలెంట్ దారిలో బకెట్ నీళ్లు తిప్పి, వచ్చే, పోయే నాలుగు చోట్లా థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) పెట్టి ఎఫెక్టివ్‌నెస్ కొలవండి. పీడన నష్టానికి యూ ఆకారపు ప్లాస్టిక్ గొట్టంలో నీళ్లు చాలు. తర్వాత కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ తూయండి, మళ్ళీ కొలవండి. తగ్గిన గ్రాములు ఒక గడిలో, పెరిగిన డిగ్రీలు పక్క గడిలో. చివరగా కోయించండి. కోసేటప్పుడు ముక్కుకు మాస్కు, చేతికి గ్లౌజులు తప్పనిసరి. ఆ మసి చొక్కాకు అంటితే ఎన్ని ఉతుకులకూ పోదు.